పోర్ట్రెయిట్ మొదలుపెట్టే ముందు: చేతిలో ఏముండాలి, వెనకాల ఏముండాలి

పోర్ట్రెయిట్ అనగానే అందరూ పోలిక గురించే టెన్షన్ పడతారు. పోలిక సాధన చేస్తే వస్తుంది. బొమ్మ తేలిపోయేది ఎక్కువగా మిగతా చోట్ల: ఏం చేయాలో తెలియక ఒళ్లో పడున్న చేతులు, ఎవరింటి నుంచో తెచ్చిన నగిషీ కుర్చీ, వెనకాల ఫొటో స్టూడియోలోలాంటి నీలం తెర. ఇవన్నీ రంగు డబ్బా మూత తీయకముందే తేల్చుకోవలసిన సంగతులు. శ్రీకాకుళం, విజయనగరం వైపు ఇళ్లలోనే మనిషిని కూర్చోబెట్టి బొమ్మ వేయాలనుకునేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. ఆయిల్ అయినా అక్రిలిక్ అయినా వరస ఒకటే.

ముందు గోడ చూడండి

బొమ్మ ఎక్కడ వేలాడదీస్తారో మొదటే అడగండి. మన ఇళ్లలో పటాలు గుమ్మం పైన, దాదాపు స్లాబుకి దగ్గరగా, కాస్త ముందుకి వంచి కడతారు. కింద నుంచి, ఎనిమిది పది అడుగుల దూరం నుంచి తలెత్తి చూస్తారు. అక్కడికి ఎక్కే బొమ్మలో ఉంగరం మీద చెక్కడం, పుస్తకం మీద పేరు ఎవరికీ కనపడవు. వాటి కోసం రెండు రోజులు పాడుచేసుకోవద్దు. అదే హాల్లో సోఫా వెనక కంటి ఎత్తున పెడతారంటే చిన్న వస్తువుకి కూడా విలువుంటుంది.

సైజు కూడా అప్పుడే తేలాలి. 18×24 అంగుళాల కాన్వాసు మీద తల, భుజాలు పడతాయి. చేతులకి చోటుండదు, కాబట్టి వస్తువులూ ఉండవు. బట్టలు, వెనక రంగు, అంతే. 24×30 అయితే ఒక చెయ్యి వస్తుంది. రెండు చేతులు, ఒడి, ఒడిలో ఒక వస్తువు కావాలంటే 30×40కి తగ్గకూడదు. చిన్న సైజుకి డబ్బు మాట్లాడుకుని, తర్వాత "వీణ కూడా పెట్టండి" అంటే ఎవరు మాత్రం ఏం చేస్తారు?

ఇంటికి వెళ్లి కూర్చోండి

బొమ్మ వేయించుకునేవాళ్లని మీ గదికి రప్పించే ముందు మీరే వాళ్లింటికి వెళ్లండి. ఇల్లు సర్దొద్దని చెప్పి మరీ వెళ్లండి. వాళ్లు మామూలుగా ఎక్కడ కూర్చుంటారు, ఏ పక్కకి ఒరుగుతారు, మాట్లాడేటప్పుడు చేతులు దేన్ని వెతుక్కుంటాయి, ఇవి చూడాలి. ఇంట్లోవాళ్లు చూపించే వస్తువులు వేరు, ఆ మనిషి వాడే వస్తువులు వేరు. రిటైరైన మేష్టారి బొమ్మ అంటే కొడుకులు సన్మానం శాలువా, షీల్డు తెచ్చి పెడతారు. ఆయన మాత్రం పొద్దున్నే వీధరుగు మీద పడక్కుర్చీలో పేపరు చదివేసి, దాన్ని నిలువుగా నాలుగు మడతలు పెట్టి, మాట మాటకీ మోకాలి మీద తట్టుకుంటూ కూర్చుంటారు. ఆ మడత పేపరే ఆయన బొమ్మలో వస్తువు. షీల్డు ఎవరి చేతిలోనైనా ఇముడుతుంది, పేపరుని అలా పట్టుకునేది ఆయనొక్కరే.

నునుపెక్కిన చోట్లు వెతకండి. కుర్చీ చేతి మీద రంగు పోయిన చోటు, గొడుగు పిడి, తాళాల గుత్తి, మరచెంబు మూత. ఏళ్ల తరబడి చెయ్యి తగిలిన వస్తువు బొమ్మలో కూడా చేతికి అతుకుతుంది. కొత్తగా కొన్నది, ఎంత జాగ్రత్తగా వేసినా, పక్కింటి నుంచి తెచ్చినట్టే ఉంటుంది.

ఇక్కడ మన జిల్లాల్లో ఒక చిక్కు తరచుగా వస్తుంది, చుట్ట. పల్లెల్లో పెద్ద వయసు ఆడవాళ్లు కొందరికి అడ్డపొగ అలవాటు, నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని కాల్చడం. మామ్మకి అది లేకుండా పూట గడవదు, ఉద్యోగాలు చేస్తున్న మనవలకి అది బొమ్మలో కనపడటం నామోషీ. నన్నడిగితే బొమ్మ మామ్మది, నిర్ణయమూ మామ్మదే. ఆవిడ సరేనంటే మాత్రం నోట్లో వద్దు. నిప్పు లోపలుంటుంది కాబట్టి చూసేవాళ్లకి పెదాల మధ్య ఒక ముక్క మాత్రమే కనపడుతుంది, పైగా మూతి ఆకారం మారిపోయి పోలిక పోతుంది. ముట్టించని చుట్ట వేళ్ల మధ్య ఉంచండి, చాలు. "ఏటి నాయినా, ఇది కూడా ఏస్తావా?" అని నవ్వుతారే, ఆ నవ్వు పట్టుకోండి.

చేతులకి పని

వస్తువు ఎంచుకోవడానికి నా లెక్క ఒక్కటే: అది చేతికి పని కల్పించాలి. పక్కన బల్ల మీద అలంకారంగా పెట్టినవి ఎన్నున్నా చేతులు ఖాళీగానే ఉంటాయి. ఒకటి చేతిలో, ఇంకొకటి దగ్గర్లో, అంతకు మించితే చూపు చెదురుతుంది.

వస్తువులతో నింపి గొప్ప బొమ్మ వేసినవాళ్లు లేకపోలేదు. జర్మన్ చిత్రకారుడు హోల్బైన్ 1533లో ఇద్దరు రాయబారుల్ని వేశాడు. మధ్యలో రెండు అరల నిండా గ్లోబులు, గడియారాలు, పుస్తకాలు, తీగ తెగిన లూట్ వాద్యం. ప్రతిదానికీ ఒక అర్థం ఉంది. కానీ ఆ పలక రెండు మీటర్లకు పైగా ఎత్తు. మన 30×40లో అదంతా కుక్కితే సామాన్ల కొట్టు అవుతుంది. మన శ్రీకాకుళంలో 1921లో పుట్టిన వడ్డాది పాపయ్యగారు చందమామకి వేసిన ముఖచిత్రాల్లో పువ్వులు, నగలు, లతలు, పక్షులు ఎన్నున్నా కంటికి నిండుగానే ఉంటాయి, ఎందుకంటే అక్కడి మనుషులు కథలోవాళ్లు. మీరు వేసేది ఎదురుగా కూర్చున్న ఒక మనిషిని.

విజయనగరంలో అయితే సంగీతం వాళ్ల బొమ్మ వేయమనే మాట ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది. ఊళ్లో 1919 నుంచి సంగీత కళాశాల ఉంది. ఆదిభట్ల నారాయణదాసు, ద్వారం వెంకటస్వామినాయుడు లాంటివాళ్లు నడిపిన చోటు. వయొలిన్ వాళ్లని వేస్తుంటే ఇంటర్నెట్‌లో దొరికే పాశ్చాత్యుల ఫొటోలు చూసి చుబుకం కింద వాద్యం పెట్టించి నిలబెట్టకండి. మనవాళ్లు బాసింపట్టు వేసుకుని, వయొలిన్ తలని కుడి పాదం మీద ఆనించి, రెండో చివర ఛాతీకి ఆనించి వాయిస్తారు. ఆ కూర్చోడంతో బొమ్మ మొత్తం త్రికోణంలా కిందకి దిగుతుంది, కాబట్టి కాన్వాసు నిలువుగా కాక దాదాపు చదరంగా తీసుకుంటే బాగుంటుంది. కమాను ఎత్తి పట్టుకుని ఎవరూ ఎక్కువసేపు ఉండలేరు, భుజం దిగిపోతుంది. పాట ఆపి, వాద్యం ఒళ్లో పెట్టుకుని, ఎడమ చేతి వేళ్లు మాత్రం తీగల మీద ఉంచిన క్షణం అన్నిటికంటే సుఖం. మనిషికీ, మీకూ.

బొబ్బిలి వీణ ఇంకో రకం కష్టం. గొల్లపల్లిలో పనసమాను ఒకే దుంగ నుంచి కుండ, దండి, తల అన్నీ చెక్కుతారు. పొడుగు నాలుగు అడుగుల పైచిలుకు. మొత్తం చూపించాలంటే మనిషి ముఖం చిన్నదైపోతుంది. కోసేయండి. యాళి తల (దండి చివర చెక్కే సింహంలాంటి ఊహా జంతువు తల) ఒక అంచు బయటికి, కుండలో సగం రెండో అంచు బయటికి పోనివ్వండి. మెట్లు 24 ఉంటాయి. అన్నీ లెక్కపెట్టి వేయనక్కర్లేదు గానీ, వేళ్ల కింద ఉన్న మెట్ల మధ్య దూరాలు తప్పకూడదు. పై స్థాయికి పోయేకొద్దీ మెట్లు దగ్గరవుతాయి. వీణ తెలిసినవాళ్లు ముఖం కంటే ముందు చూసేది అదే.

వెలుతురు

నేర్పే పుస్తకాలన్నీ ఉత్తరపు కిటికీ ముందు కూర్చోబెట్టమంటాయి. అవి లండన్, పారిస్ లాంటి ఊళ్లకి సరిగ్గా సరిపోతాయి, అక్కడ మధ్యాహ్నపు సూర్యుడు ఏడాది పొడుగునా దక్షిణంవైపే ఉంటాడు. మనం 18 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర ఉన్నాం. మే రెండో వారం నుంచి జులై నెలాఖరు దాకా మధ్యాహ్నపు సూర్యుడు నడినెత్తి దాటి కాస్త ఉత్తరానికే ఉంటాడు. అదీకాక మార్చి మూడో వారం నుంచి సెప్టెంబరు మూడో వారం దాకా పొద్దు పొడిచేదీ కుంకేదీ ఉత్తరానికి జరిగి. అంటే వేసవిలో పొద్దున్నా సాయంత్రమూ ఉత్తరపు కిటికీలోంచి కూడా ఎండ ఏటవాలుగా లోపలికి వస్తుంది. అరసవల్లిలో సూర్యకిరణాలు ఏడాదికి రెండుసార్లే, మార్చిలోనూ అక్టోబరులోనూ, స్వామిని తాకడం కూడా ఈ జరుగుడు లెక్కే. బొమ్మకి వారాలు పడుతుంది కాబట్టి మొదటి రోజు వెలుతురు చివరి రోజు దాకా నిలవాలి. అక్టోబరు నుంచి ఫిబ్రవరి దాకా ఉత్తరపు కిటికీకి తిరుగులేదు. అక్టోబరు, నవంబరు నెలల్లో తుపాను ముసురు పట్టిందంటే మాత్రం చీకటితో పాటు ఆయిల్ రంగు ఆరడమూ ఆలస్యమవుతుంది, ఆ ఆలస్యం ముందే చెప్పి పెట్టుకోండి.

ఒకే కిటికీ తెరిచి ఉంచండి, మిగతావి దుప్పట్లతో కప్పేయండి. తెరిచిన కిటికీలో కింది సగానికి కూడా పేపరు అంటిస్తే వెలుతురు పై నుంచి దిగుతుంది, కళ్ల గుంటలు, ముక్కు నీడ పద్ధతిగా వస్తాయి. ట్యూబ్‌లైటు ఆపేయాలి. పగటి వెలుతురూ అదీ కలిస్తే చెంప ఒకవైపు ఒక రంగు, రెండోవైపు ఇంకో రంగు అవుతుంది.

గోడ రంగు సంగతి ఎవరూ పట్టించుకోరు. చిలకాకుపచ్చ గోడల గదిలో కూర్చోబెడితే నీడ వైపు దవడంతా ఆకుపచ్చగా మెరుస్తుంది, మీరు ఎంత ఎర్రమట్టి రంగు కలిపినా జ్వరం తగిలినట్టే ఉంటుంది. నీడ వైపు నాలుగడుగుల దూరంలో ఒక పాత బూడిద రంగు దుప్పటి దండెం మీద వేలాడదీయండి. ఖర్చేమీ లేదు.

బట్టలు, ఇత్తడి

ఆడవాళ్లు పెళ్లి పట్టుచీర తీస్తారు. వద్దనకండి, కానీ నేత చీర కూడా ఒకటి కట్టించి రెండూ కిటికీ దగ్గర చూడండి. ఒంటి నిండా బుటాలున్న పట్టుచీర మడతల్లో విరిగి, ముఖం మీద నిలవాల్సిన చూపుని కిందకి లాగేస్తుంది. పట్టే కావాలంటే పైట అంచు ఒక్కటి శ్రద్ధగా వేసి, మిగతాదంతా రంగు మచ్చలుగా వదిలేయడం మేలు. నగల్లో కూడా అంతే. ముక్కుకి అటూ ఇటూ పుడకలు, మధ్యలో బులాకీ ఉన్న పాతకాలపు మామ్మకి ఇంకే నగా అక్కర్లేదు.

మగవాళ్లకి పొందూరు ఖద్దరు పంచె, కండువా దొరికితే ఇంకేం కావాలి! వాలుగ చేప దవడ ఎముకతో పత్తి దువ్వి, చేత్తో వడికి నేసిన బట్ట అది. తెలుపు అంటాం గానీ కిటికీ ముందు పెట్టి చూడండి. వెలుతురు పడ్డ వైపు ఆకాశం నీలం చేరుతుంది, మడత లోపల మీగడ రంగు, ఒంటికి ఆనిన చోట చర్మం ఎరుపు బట్టలోంచి తెలుస్తుంది. తెల్ల కండువా మెడ దగ్గరుంటే దాని మీద పడ్డ వెలుతురు పైకి కొట్టి దవడ కింద ఒక చిన్న మెరుపు తెస్తుంది. చామనఛాయ ముఖాలకి ఆ మెరుపు ఎంత అందమో చెప్పలేను. అది దక్కాలంటే బట్టకి పచ్చి తెలుపు వాడకండి. ఒక మెట్టు తగ్గించి వేసి, అసలు తెలుపుని కంటిలో మెరుపు కోసం దాచుకోండి.

గంజి పెట్టించొద్దు. గంజి బట్ట మొదటి రోజు కత్తిలా నిలబడుతుంది, రెండో రోజుకి చతికిలబడుతుంది, మీరు వేసిన మడత ఒక్కటీ దొరకదు. బొమ్మ పూర్తయ్యే దాకా ఆ బట్టలు ఉతకొద్దని ఇంట్లో ఆడవాళ్లకి చెప్పి, వీలైతే మీ దగ్గరే ఉంచుకోండి.

దగ్గర్లో పెట్టే వస్తువుకి ఇత్తడి చెంబు అందరికీ నచ్చుతుంది. సారవకోట దగ్గర బుడితిలో చేసే ఇత్తడి సామాను చూసే ఉంటారు. దాన్ని చింతపండుతో తోమి తెచ్చి పెడితే మాత్రం గదిలో ముఖం కంటే అదే ముందు కనపడుతుంది. తోమి రెండు మూడు వారాలైన చెంబు తీసుకోండి. కూర్చున్న మనిషి మోచేతికి దిగువన, కిటికీకి కాస్త దూరంగా పెట్టి, పది నిమిషాలు ఊరికే చూడండి. భుజం మీద ఉన్న తెల్ల చుక్క చుక్క కాదు, మీ కిటికీయే, చువ్వలతో సహా వంగి ఉంటుంది. పొట్ట మీద ఎర్రటి పట్టీ మామ్మ చీర. అడుగున గచ్చు బూడిద రంగు. మధ్యలో నిలువుగా ఉన్న నల్లటి గీత, కదిలితే కదిలేది, మీరే. ఇంత తెలిశాక పసుపు రంగు గొట్టం అసలు తీయబుద్ధి కాదు. ఎల్లో ఓకర్, రా అంబర్, చీర ఎరుపు, ఒక రవ్వ ఆకుపచ్చ చాలు, చెంబు దానంతటదే ఇత్తడి అవుతుంది. తెల్ల చొక్కా వేసుకుని బొమ్మ వేయకండి, ఆ చొక్కా కూడా చెంబులోకి వచ్చి కూర్చుంటుంది.

వెనకాల

మనిషిని గోడకి ఆనించి కూర్చోబెట్టొద్దు, నాలుగైదు అడుగుల ఖాళీ ఉండాలి. లేకపోతే నీడ గోడ మీద నల్లగా పడి రెండో తల మొలిచినట్టుంటుంది. ముఖంలో వెలుతురున్న వైపు వెనక కాస్త ముదురుగా, నీడ వైపు వెనక కాస్త లేతగా ఉండేలా చూసుకుంటే తల గోడలోంచి విడివడి ముందుకొస్తుంది. స్విచ్‌బోర్డు, క్యాలెండరు, వాటర్ ఫిల్టరు తీసేయండి. దండ వేసిన పటం ఏదైనా వెనక పడుతుంటే ఇంట్లోవాళ్లని అడగాలి. కొందరికి అది కావాలి, కొందరికి అపశకునం.

స్తంభం, మఖ్మల్ తెర, సింహం కాళ్ల కుర్చీ యూరప్ దర్బారు చిత్రాల నుంచి మన జమీందార్ల చిత్రాలకి, అక్కడి నుంచి ఫొటో స్టూడియోలకి దిగిన సరుకు. నిజంగా ఆ ఇంట్లో ఉంటే వేయండి. పెంకుటింటి మనిషికి పసుపు రాసిన గడప, రంగు వెలిసిన తలుపు రెక్క, గోడలో దీపం గూడు ఇంతకంటే గంభీరంగా ఉంటాయి. విజయనగరం వాళ్లకి వెనకాల గంటస్తంభమో, కోటో కావాలని ఒక సరదా ఉంటుంది. అవి వస్తే బొమ్మ టూరిజం పోస్టరు అయిపోతుంది, నేనైతే ఒప్పుకోను. సవర గిరిజనుల గోడ బొమ్మల్ని "లోకల్ టచ్" అని వెనకాల డిజైనుగా దించడం కూడా మానుకోండి. అవి దేవతల కోసం, పూర్వీకుల కోసం పూజ చేసి వేసుకునేవి.

ఉద్దానం వైపు ఒక్కోసారి లేని చోటు వేయమంటారు. 2018 అక్టోబరులో తిత్లీ తుపానుకి కొబ్బరి, జీడి తోటలు కూలిపోయిన ఇళ్లు అక్కడ ఎన్నో. కిటికీలోంచి పాత తోట కనపడాలని బొమ్మ వేయించుకునే పెద్దాయనకి ఉంటుంది, ఇప్పుడు బయట చూస్తే తర్వాత నాటిన మొక్కలు. ఏది కావాలో ఆయన్నే తేల్చమనండి, రెండూ కలపొద్దు. పాత తోటే అయితే పెళ్లి ఆల్బమ్‌లో వెనకాల పడిన చెట్లు వెతకండి, ఊహించి వేసిన కొబ్బరిచెట్టు క్యాలెండరు చెట్టులా వస్తుంది.

పోయినవాళ్ల బొమ్మ అయితే

మన దగ్గర వచ్చే ఆర్డర్లలో చాలావరకు ఇవే. చేతికిచ్చేది ఆధార్ కార్డు ఫొటోనో, గ్రూప్ ఫొటోలో గోరంత ముఖమో. ఆ ఫొటోలో వెలుతురు ఎటు నుంచి పడిందో ముక్కు నీడ చూసి తెలుసుకోండి. ఫ్లాష్ ఫొటో అయితే నీడే ఉండదు, అప్పుడు ఇంకో ఫొటో అడగాలి, ఎంత పాతదైనా సరే. తర్వాత ఆయన కుర్చీ, కండువా, కళ్లజోడు తెప్పించి అదే దిక్కు నుంచి వెలుతురు పడేలా అమర్చి, ఆయన ఒడ్డూ పొడుగూ ఉన్న కొడుకునో తమ్ముణ్నో అందులో కూర్చోబెట్టి ఒళ్లు వేయండి. చేతులు కూడా తరచుగా ఇంటి పోలికే.

ఇలాంటి బొమ్మకి దండ పడుతుంది. అది మరిచిపోయి వేసినవాళ్ల బొమ్మల్లో బంతిపూల వెనక చెయ్యీ, చేతిలో వస్తువూ రెండూ మాయం. రెండు పక్కలా మూడేసి అంగుళాలు ఉత్త గోడ రంగు వదలండి, ముఖ్యమైనవన్నీ మధ్యకి తెచ్చుకోండి. బొట్టు పెట్టడం, అగరొత్తుల పొగ కూడా ఉంటాయి కాబట్టి అద్దం వేయించమని చెప్పండి.

చిన్న బొమ్మలు, ఇంట్లోవాళ్ల సంతకం

ఇవన్నీ అనుకున్నాక అరచేతి సైజులో నాలుగైదు నమూనాలు పెన్సిల్‌తో గీయండి. ముదురు, మధ్యస్తం, లేత, మూడే ఛాయలు. కళ్లు సగం మూసి చూసినప్పుడు ముఖం కంటే ముందు వేరేదేదో కనపడితే దాన్ని కిందకి దించండి, లేదా తీసేయండి. నచ్చినదాన్ని కాస్త పెద్దది చేసి, రంగులు పూసి, ఇంట్లో అందరికీ ఒకేసారి చూపించండి. ఒకరి తర్వాత ఒకరికి చూపిస్తే ఒకరు కుక్కని కలపమంటారు, ఒకరు కారు. ఒప్పుకున్న నమూనా వెనక తేదీ వేసి ఇంటిపెద్ద చేత సంతకం పెట్టించుకోండి. మొహమాటం వద్దు.

కూర్చోబెట్టే రోజు

మీరు నిలబడి వేస్తే కుర్చీ కింద అడుగు, అడుగున్నర ఎత్తు బల్ల వేయాలి, మనిషి కళ్లు మీ కళ్లకి దరిదాపుల్లోకి వస్తాయి. పెద్దవాళ్లయితే బల్ల ఎక్కించడం రిస్కు, మీరే కూర్చుని వేయండి. కుర్చీ కాళ్ల చుట్టూ, పాదాల చుట్టూ, చెంబు కింద సుద్దతో గీత గీసి, మీ స్టాండు కాళ్లకి కూడా గీయండి. చీర కుచ్చిళ్లు, కండువా మడత ఫోనులో ఫొటో తీసుకోండి. ఇరవై నిమిషాలు కూర్చుంటే ఐదు నిమిషాలు లేవాలి. ఫ్యాను తిరిగితే పైట నిలవదు, ఆపితే చెమట. టేబుల్ ఫ్యాను కాళ్ల వైపు తిప్పి పెట్టండి. రోజూ అదే గంట.

అరువు తెచ్చిన వస్తువులు, ముఖ్యంగా చెంబులూ వాద్యాలూ, చివరి మెరుపు వేసేదాకా తిరిగి ఇవ్వకండి. అసలువాళ్లకి ఎన్ని వారాలో మొదటే చెప్పి తెచ్చుకోండి. బంగారం మాత్రం అరువు వద్దు, సాయంత్రం అవగానే మనిషితో పాటే ఇంటికి పంపేయండి.